మ్యాపులో పచ్చ రంగు, బాయిలో నైట్రేట్ 112. రేగడి భూముల లెక్క ఎక్కడ తప్పుతోంది?

రాజూరా_పోరడు · ఏప్రిల్ 27, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది చంద్రపూర్ జిల్లా రాజూరా తాలూకా, పెన్‌గంగ దిక్కు ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కాలేజీలో ఇంగ్లీషు. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

ఎమ్మెస్సీ జియాలజీ ఆఖరి ఏడాది నాది. ప్రాజెక్టు పేరు చాంతాడంత ఉంది గానీ పని ఇంతే: మా పక్క పత్తి, సోయా, కంది వేసే ఊళ్లలో పైన చల్లిన ఎరువూ మందూ భూగర్భజలంలోకి దిగే వీలు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని మ్యాపు గీయాలి. డ్రాస్టిక్ పద్ధతి పట్టుకున్నాను. 1987లో అమెరికా పర్యావరణ సంస్థ కోసం తయారైంది. ఏడు సంగతులు చూస్తారు: నీటిమట్టం లోతు, రీఛార్జ్ (వాననీళ్లు భూమిలోకి ఇంకడం), నీళ్లుండే రాయి, పైమట్టి, నేల వాలు, మట్టికీ నీటికీ నడుమ పొర, రాయిలో నీరు కదిలే వేగం. ఒక్కోదానికి 1 నుంచి 10 మార్కులు. వాటిని వరసగా 5, 4, 3, 2, 1, 5, 3 బరువులతో గుణించి కూడాలి. మొత్తం 23 నుంచి 230 లోపు వస్తుంది. ఎంత పెద్దదైతే నీళ్లు చెడే వీలు అంత ఎక్కువ.

మ్యాపును గళ్లుగా కోసి ఒక్కో గడికి ఈ లెక్క వేస్తాం. మా ఊరి గడికి నేనేసిన మార్కులు: లోతు మే నెల రీడింగు 12 మీటర్లు, అంటే 5. రీఛార్జ్ 3. సున్నపురాయి 6. పైమట్టి బంకమట్టి కాబట్టి 1. నేల చదును, 10. నడిమి పొర 6. వేగం 2. మొత్తం 103. పచ్చ రంగు పడింది, అంటే నీళ్లు చెడే వీలు తక్కువ.

సంతోషంగా ఇంటికొచ్చి మా వాడ బాయి నీళ్లు పరీక్షకిస్తే నైట్రేట్ లీటరుకు 112 మిల్లీగ్రాములు! మన తాగునీటి ప్రమాణం 45. అక్కడికి మూడు వందల అంగల్లో మా చేను బాయి ఉంది, దాంట్లో 18. రెండూ మ్యాపులో ఒకే గడి. మా గైడు "మ్యాపు బాగుంది, ఆ బాయిని పక్కన పెట్టెయ్" అంటున్నారు. మనసొప్పడం లేదు. ఆ నీళ్లు మా వాడంతా తాగేవి.

సరిహద్దు_సైకిల్ · ఏప్రిల్ 27, రాత్రి 10:15

ఏడు సంగతులు, పది మార్కులు... చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, బొగ్గు బావులు పెట్టుకుని రైతు బస్తా యూరియా మీద పడతారేంది? చదువుకున్నోళ్లందరికీ రైతే దొరుకుతాడు.

పత్తిచేను_పెద్దబాపు · ఏప్రిల్ 28, ఉదయం 5:50

బిడ్డా, నాది కోర్పనా పక్క. నీ డ్రాస్టిక్ ఏందో నాకు తెల్వది గని రేగడికి ఒకటి మార్కు ఎట్ల ఏసినవ్? పైన చూసి ఏసినవా, లోన చూసి ఏసినవా? మా చేన్ల గిప్పుడు నెర్రెలు ఎట్లున్నయంటే, మొన్న మా మనుమడి గోలీ ఒక నెర్రెల పడ్డది. తీద్దామని తుమ్మకట్టె పెడితె మూరన్నర దిగింది, అడుగు అందలే. పోరడు ఏడ్సుకుంట పోయిండు. ఆ సందుల బిందెడు నీళ్లు పోస్తె గటగట తాగుతది. వానకాలం నడిమిట్ల చూస్తె అదే చేన్ల నీళ్లు నిలుస్తయి, కాలు పెడితె బురద మోకాలు దాక పడ్తది. ఒక్క భూమికి రెండు బుద్ధులు బిడ్డా.

రాళ్లసారు · ఏప్రిల్ 28, ఉదయం 8:20

పెద్దాయన ఒక్క గోలీతో తేల్చేశారు. ముప్పై ఏళ్లు బోరు మట్టి చూసినవాణ్ణి, ఇంతకన్నా సూటిగా చెప్పలేను.

బాబూ, డ్రాస్టిక్ పట్టిక మళ్లీ తీసి చూడు. అందులో బంకమట్టి రెండు చోట్ల ఉంటుంది. ఉబ్బని, కుంచించుకుపోని బంకమట్టికి 1. ఎండితే కుంచించుకుని పగిలే బంకమట్టికి 7. ఇసుకకు 9 ఇచ్చి దానికి 7 ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు. మన రేగడిలో ఉన్నది స్మెక్టైట్ జాతి మట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. నువ్వు "బంకమట్టి" అన్న మాట చూసి 1 ఉన్న వరస పట్టుకున్నావు. మీ వాళ్లు చాలామంది చేసే తప్పే. నాగపూర్‌లోని జాతీయ మృత్తికా సర్వేక్షణ సంస్థ మ్యాపు తీసుకున్నా దాని మీద బంకమట్టి అనే ఉంటుంది. అది ఉబ్బే రకమా కాదా అన్నది పక్కన వర్ణనలో ఉంటుంది. అది చదవాలి.

రెండోది, నువ్వు వాడినవి మామూలు బరువులు. పొలాల కోసం అదే పుస్తకంలో వేరే వరస ఉంది, పురుగుమందుల డ్రాస్టిక్ అంటారు. అందులో బరువులు 5, 4, 3, 5, 3, 4, 2. పైమట్టి బరువు రెండు నుంచి ఐదుకు ఎక్కింది చూడు. పొలంలో అసలు కాపలాదారు పైమట్టే కదా, అక్కడ తప్పితే మొత్తం తప్పుతుంది.

మూడోది, ఎరువు వేసేది వానాకాలంలో. నువ్వు లోతు మాత్రం మే నెలది తీసుకున్నావు. ఆగస్టులో ఆ బాయిలో నీళ్లు ఎంత లోతులో ఉంటాయి?

రాజూరా_పోరడు · ఏప్రిల్ 28, రాత్రి 11:05

సార్, సిగ్గేస్తోంది గానీ లెక్క పెడుతున్నాను. పొలం బరువులతో రేగడికి 1 ఇస్తే 118. 7 ఇస్తే 148. ఒక్క మట్టి మార్కుతో 30 పెరిగింది. పాత బరువులతో ఇదే మార్పు 103 నుంచి 115 మాత్రమే, అందుకే నాకు తెలిసిరాలేదు.

ఆగస్టులో చేను బాయిలో నీళ్లు 3 మీటర్లకు వస్తాయి. నాయిన చెప్పాడు, తాడు గుర్తు కూడా చూపించాడు. దాంతో లోతు మార్కు 5 నుంచి 9 అవుతుంది. మొత్తం 168. పచ్చది కాస్తా ఎర్రగా మారింది.

రీఛార్జ్ 3 ఎలా వచ్చిందంటే, కేంద్ర భూగర్భజల లెక్కల పద్ధతిలో సున్నపురాయికి వానలో 6 శాతం, గుహలు పడ్డ సున్నపురాయికి 8 శాతం దిగుతుందని ప్రమాణం. మా దగ్గర ఏడాదికి 1150 మిల్లీమీటర్ల వాన అనుకుంటే 69 నుంచి 92 మిల్లీమీటర్లు. పట్టికలో 50 నుంచి 100 మధ్యకు 3.

ధర్మాబాద్_మిర్చి · ఏప్రిల్ 29, మధ్యాహ్నం 1:30

నాందేడ్ జిల్లా నుంచి. మాకు ధర్మాబాద్‌కు పడమర అంతా నల్లరాయి, అంటే దక్కన్ బసాల్టు. బిలోలీ, దేగ్లూర్ వైపు గ్రానైట్ తగులుతుంది. డ్రాస్టిక్ పట్టికలో బసాల్టుకు మామూలు మార్కు 9 అని రాసి ఉంది. నేను అదే వేస్తే జిల్లా మొత్తం ఎర్రగా అయ్యింది. ఇది నిజమా?

రాళ్లసారు · ఏప్రిల్ 29, సాయంత్రం 6:45

కాదు. ఆ 9 అమెరికాలోని కొత్త లావా రాళ్లను మనసులో పెట్టుకుని ఇచ్చినది. అక్కడ పొరల మధ్య ఖాళీలు అలాగే ఉంటాయి. మన దక్కన్ లావా దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. రాయి పైభాగంలోని గాలి బుడగల ఖాళీల్లో జియోలైటు, కాల్సైటు అనే ఖనిజాలు పేరుకుని పూడిపోయాయి. ప్రతి లావా ప్రవాహం నడుమ గట్టి రాయి, రెండు ప్రవాహాల మధ్య అక్కడక్కడా ఎర్రమట్టి పొర. నీళ్లు ఉండేది పైన మొరం అయిన భాగంలో, తర్వాత పగుళ్లలో. పట్టికలోనే బసాల్టుకు 2 నుంచి 10 దాకా పరిధి ఇచ్చారు. బోరు వేసినప్పుడు మొరం ఎన్ని మీటర్లు వచ్చిందో, బుడగ రాయి ఎక్కడ తగిలిందో అడిగి నువ్వే మార్కు పెట్టాలి. మొత్తం జిల్లాకు ఒకే అంకె వేసే మ్యాపు గోడకు తగిలించడానికి బాగుంటుంది.

గ్రానైట్‌కు పరిధి 2 నుంచి 5, మొరమైతే 3 నుంచి 5. మీ బిలోలీ వైపు ఆ పరిధిలోనే ఉండు.

బీకరమ్మ · ఏప్రిల్ 29, రాత్రి 8:10

నేను నీళ్ల పరీక్షశాలలో పనిచేస్తా. మట్టి మార్కుల సంగతి సారు చూసుకుంటారు. నాకు ఆ 112 గురించి కొన్ని ప్రశ్నలున్నాయి.

ఆ 112 నైట్రేట్‌గా రాశారా, నైట్రోజన్‌గా రాశారా? రిపోర్టులో చూడు. నైట్రోజన్‌గా ఉంటే 4.43తో గుణించాలి, కొంప మునిగినట్టే. మన 45 నైట్రేట్‌గా లెక్క. అమెరికా వాళ్ల 10 నైట్రోజన్‌గా లెక్క, రెండూ దాదాపు ఒకటే. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి కంగారుపడిన వాళ్లను చాలామందిని చూశాను.

నీళ్లు ఎప్పుడు తీశావు, ఎప్పుడు ఇచ్చావు? యాసిడ్ వేయకుండా, చల్లగా పెట్టి, 48 గంటల్లోపు నైట్రేట్ చూడాలి. లేకపోతే సీసాలోని సూక్ష్మజీవులు అంకె మార్చేస్తాయి.

ముఖ్యమైనది: క్లోరైడ్, పొటాషియం, కోలిఫాం (మలంతో వచ్చే సూక్ష్మజీవులు) ఎంత? యూరియాలో క్లోరైడ్ ఉండదు. పేడ, మూత్రం, స్నానాల నీళ్లయితే నైట్రేట్‌తో పాటు క్లోరైడ్ కూడా ఎగబాకుతుంది. పొటాష్ ఎరువులో క్లోరైడ్ ఉంటుంది కాబట్టి అదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

రాజూరా_పోరడు · మే 1, ఉదయం 10:00

అక్కా, చూశాను. నైట్రేట్‌గానే రాశారు, బతికాను. వాడ బాయి: క్లోరైడ్ 210, కోలిఫాం ఉంది. చేను బాయి: క్లోరైడ్ 46, కోలిఫాం లేదు.

మీ మాట చదివాక లేచిపోయి వాడ బాయి చుట్టూ తిరిగాను. రోజూ నీళ్లు తోడే బాయే, ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు. ఒరకు తూర్పున పదకొండు అంగల్లో పెంటకుప్ప. మరాఠోళ్లు ఉకిర్డా అంటారు. నాలుగిళ్ల పేడ, కొట్టం ఊడ్పు అంతా అక్కడే. అటు పక్క స్నానాల నీళ్ల గుంట. బాయి చుట్టూ గచ్చు పగిలి, ఆ పగులులో రావి మొక్క మొలిచింది. బట్టలుతికిన నీళ్లు ఆ మొక్క మొదట్లోకే పోతున్నాయి. కింద ఉన్నది సున్నపురాయి, పొరలు పొరలుగా.

అంటే 112కు నా మ్యాపుకు సంబంధమే లేదా?

రాళ్లసారు · మే 1, మధ్యాహ్నం 12:15

ఉంది, లేదు. డ్రాస్టిక్ వంద ఎకరాలకు తక్కువ జాగాకు వాడొద్దని దాన్ని తయారు చేసినవాళ్లే రాశారు. కాలుష్యం నేల మీద పడాలి, వానతో దిగాలి, నీటితో సమానంగా కదలాలి అన్న ఊహల మీద అది నిలబడింది. పెంటకుప్ప పక్కన పగిలిన గచ్చు ఆ ఊహల్లో ఇమడదు. అది తలుపు తెరిచి దొంగను పిలవడం. మ్యాపు చెప్పేది ఇంటి గోడ ఎంత మందమని మాత్రమే.

నీ గైడు ఆ బాయిని పక్కన పెట్టమన్నది ఒక రకంగా సరే. కానీ పక్కన పెట్టేముందు ఎందుకు పెడుతున్నావో రిపోర్టులో రాయి, ఫోటోతో సహా. మ్యాపును సరిచూసుకోవడానికి చేను బాయిలే తీసుకో.

@సరిహద్దు_సైకిల్: మీ మాట కొట్టిపారేయను. సిమెంటు పొగ వల్ల బాయిలో నైట్రేట్ ఇంత పెరగదు గానీ, గనుల్లో రాయి పేల్చే మందులో అమ్మోనియం నైట్రేట్ ఉంటుంది. పేలక మిగిలింది వాననీటిలో కరిగి గని చుట్టూ నీళ్లలో నైట్రేట్ పెంచుతుంది. పైగా గని నీళ్లు తోడితే చుట్టూ నీటి పారుదల దిక్కే మారుతుంది. పోరడా, నీ ఊరికి గని ఎంత దూరం, ఎగువనా దిగువనా?

రాజూరా_పోరడు · మే 1, మధ్యాహ్నం 2:40

దగ్గరిది తొమ్మిది కిలోమీటర్లు సార్, దిగువన, వాగు అవతల.

సరిహద్దు_సైకిల్ · మే 1, రాత్రి 9:00

సరే, ఈ ఊరికి కాదు. ఇంకో ఊరికి అవుతది. మ్యాపులో గనులు కూడా చూపించు తమ్మీ, అంతే నేనడిగేది.

పత్తిచేను_పెద్దబాపు · మే 2, ఉదయం 6:05

అదంత మంచిగనే ఉన్నది. ఆ వాడోళ్లు ఇప్పుడేం తాగాలె? కాగపెట్టుకుని తాగుమన్నరా?

బీకరమ్మ · మే 2, ఉదయం 7:30

అయ్యో వద్దు పెద్దబాపూ! కాగబెడితే పురుగు చస్తుంది, నైట్రేట్ చావదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. క్లోరిన్ గోళీలతో కూడా పోదు. గుడ్డతో వడకట్టినా పోదు. ఆర్వో తగ్గిస్తుంది. లేదంటే వేరే నీళ్లు తెచ్చుకోవాలి. ఆరు నెలల్లోపు పసిపిల్లలకు ఆ నీళ్లతో పాలపొడి కలపొద్దు. రక్తం ఆక్సిజన్ మోయలేక పెదాలు నీలంగా అవుతాయి. 1945లోనే అమెరికాలో అయోవా పల్లెల్లో బాయి నీళ్లు తాగిన పిల్లల్లో దీన్ని గుర్తించారు.

లోతు బోరు వేసుకుంటామంటారు. లోపల ఆక్సిజన్ తక్కువ ఉన్నచోట నైట్రేట్ తక్కువే ఉండొచ్చు. కానీ మన చంద్రపూర్‌లో, పక్క యవత్మాళ్‌లో లోతు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లున్నాయి. దానికి 1 దాటకపోతే మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. బోరు వేశాక అదీ చూపించుకోవాలి. ఒక గండం తప్పించుకోబోయి ఇంకోదానిలో పడకూడదు. వదిలేసిన పాత బోర్లు ఉంటే మూతపెట్టి కట్టేయండి, అవి పైనుంచి కిందికి గొట్టాలే.

మహేంద్రతనయ · మే 3, రాత్రి 10:20

పర్లాకిమిడి నుండి రాస్తున్నానండి, గజపతి జిల్లా. మాది మీలా నల్లరేగడి కాదు. కొండ దిగువన ఎర్రమట్టి, కింద ఖొండలైటు రాయి. వరి మళ్లలో నీళ్లు రెండు మీటర్లలోనే ఉంటాయి. మీ లెక్క వేస్తే మా ఊరు ఎర్రగా మండిపోవాలి కదండీ. నూతుల్లో నైట్రేట్ చూపిస్తే ఐదారే ఉంది. లెక్క తప్పా, కొలత తప్పా?

రాళ్లసారు · మే 4, ఉదయం 9:10

రెండూ తప్పు కాదు. వరిమడి దమ్ము చేశాక అడుగున గట్టి పొర పడుతుంది, పైన నీళ్లు నిలిచి గాలి ఆడదు. గాలి లేనిచోట సూక్ష్మజీవులు నైట్రేట్‌ను విరగ్గొట్టి నత్రజని వాయువుగా పైకి పంపేస్తాయి. డ్రాస్టిక్‌కు ఆ వంట తెలియదు. మీ కొండవాలు మెట్ట చేలల్లో, జీడిమామిడి తోటల దిగువ నూతుల్లో చూడండి, అక్కడ కథ వేరుగా ఉండవచ్చు.

ధర్మాబాద్_మిర్చి · మే 4, రాత్రి 8:00

మందుల సంగతేమిటి? నైట్రేట్ ఒక్కటే చూస్తే సరిపోతుందా?

బీకరమ్మ · మే 4, రాత్రి 9:25

సరిపోదు. మందు మందుకూ తేడా. మట్టిలో ఎన్ని రోజులు బతుకుతుంది, మట్టికి ఎంత గట్టిగా అంటుకుంటుంది అనే రెండింటితో గస్ అనే అంకె కడతారు. 2.8 దాటితే దిగేది, 1.8 లోపుంటే దిగనిది. గ్లైఫోసేట్ మట్టిని పట్టుకుని వేలాడుతుంది. ఇమిడాక్లోప్రిడ్ దిగే జాతి. కానీ మళ్లీ నెర్రెల మాటే వస్తుంది: గోడకు అంటుకునే టైము దొరక్కుండా నీళ్లు సర్రున దిగిపోతే అంటుకునే మందు కూడా దిగుతుంది. ఈ పరీక్ష మామూలు కిట్టుతో కాదు, ఖర్చు బాగా అవుతుంది. ముందు నైట్రేట్‌తో దారి కనిపెట్టి, ఆ దారిలో ఉన్న రెండు మూడు బాయిలకే మందుల పరీక్ష చేయించు.

రాజూరా_పోరడు · మే 19, రాత్రి 8:30

పెద్దబాపు గోలీ నన్ను నిద్రపోనివ్వలేదు. మా చేన్లో నెర్రెలు కొలిచాను. వెడల్పు నాలుగు వేళ్లు, టేపు 84 సెంటీమీటర్లు దిగింది. తర్వాత రెండు బిందెల నీళ్లలో బట్టలకు పెట్టే నీలిమందు కలిపి ఒక చదరపు మీటరు జాగాలో మెల్లగా పోశాను. చుక్క పక్కకు పారలేదు. పొద్దున నాయిన, నేను పారతో పక్కనుంచి గోడలా కోశాం. నెర్రె రెండు గోడలకూ నీలం పూత, అడుగు దాకా. అడుగున సున్నపు గడ్డల మొరం కూడా నీలమే. అదే నెర్రె పక్కన మట్టిపెళ్ల పగలగొడితే లోపల పొడి పొడిగా, నల్లగా, చుక్క నీలం లేదు.

నాయిన చాలాసేపు చూసి "నలభై ఏండ్ల నుంచి దున్నుతున్న, లోపల ఇట్లుంటదని తెల్వదు" అన్నాడు. ఆ ఫోటో మా గైడుకు పంపాను. "రేగడికి 7 వేసుకో" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

ఇంకో అనుమానం. రిపోర్టు తెలుగులో కూడా రాయాలనుంది, ఊరోళ్లకు ఇవ్వడానికి. ఈ గుణాన్ని ఏమనాలి? దుర్బలత్వం అంటే ఎవరికీ అర్థం కావట్లేదు.

పత్తిచేను_పెద్దబాపు · మే 20, ఉదయం 5:40

"నీళ్లు ఇంకే నేల, విషం ఇంకే నేల" అని రాయి. లేకుంటె "కన్నం ఉన్న కుండ" అను, అందరికి తెలుస్తది.

రాళ్లసారు · మే 20, ఉదయం 8:00

కన్నం ఉన్న కుండే ఖాయం. ఇప్పుడు ఒక చిక్కు పెడతా. నీ 168 ఉంది చూడు, అది ఏ నెలది? నెర్రెలు తెరిచి ఉండేది మిరుగు (మృగశిర కార్తె) ముందు, అప్పుడు నీళ్లు 12 మీటర్ల లోతు: 148. ఆగస్టులో నీళ్లు 3 మీటర్లకు వస్తాయి, కానీ అప్పటికి వానలకు నేల ఉబ్బి నెర్రె మూసుకుంటుంది, మట్టి మార్కు 3కు దిగుతుంది: మళ్లీ 148! నెర్రె తెరిచి, నీళ్లు పైన ఉండే 168 క్యాలెండర్‌లో ఎక్కడుంది?

పత్తిచేను_పెద్దబాపు · మే 20, రాత్రి 7:15

ఉన్నది సారూ. పోయినేడు శ్రావణంల ఇరవై రోజులు వాన సుక్క లేదు. పత్తి మోకాలెత్తున్నది. నేల మళ్లా నెర్రెలిచ్చింది, బాయిల నీళ్లు మాత్రం పైననే ఉన్నయి. వాన కోసం చూసి చూసి యూరియా ఏసినం. మూడో నాడు దంచి కొట్టింది. గదే మీ లెక్క.

రాళ్లసారు · మే 20, రాత్రి 9:50

దండం పెద్దాయనా. పోరడా, రాసుకో. యూరియా నేలలో పడ్డ కొద్ది రోజుల్లో అమ్మోనియంగా మారుతుంది. దాన్ని రేగడి పట్టుకుంటుంది. ఒకటి రెండు వారాల్లో అదే నైట్రేట్ అవుతుంది. దాన్ని మట్టి పట్టుకోలేదు. పొడివాతావరణం నడుమ పడే పెద్ద వాన నెర్రెల్లోంచి మిగిలిన యూరియానూ పాత నైట్రేట్‌నూ కలిపి తోసేస్తుంది. నువ్వు ఒక మ్యాపు కాదు, మూడు గీయాలి: మిరుగు, నిండు వాన, శ్రావణం ఎండ. చేను బాయిలో ప్రతి దఫా నీళ్లు తియ్యి.

రాజూరా_పోరడు · సెప్టెంబర్ 7, రాత్రి 10:10

ఇన్నాళ్లు మౌనంగా ఉన్నందుకు తిట్టకండి, తిరుగుడే తిరుగుడు. చేను బాయి నైట్రేట్: ఏప్రిల్‌లో 18. జూన్‌లో రెండు మంచి వానలు పడ్డ వారానికి 31. జూలై ఆఖరుకు, నేల ఉబ్బి నీళ్లు నిలిచినప్పుడు 24. ఆగస్టులో పదిహేడు రోజులు వాన లేదు, నెర్రెల్లో రెండు వేళ్లు పట్టాయి. నాయిన ఎకరానికి రెండు బస్తాలు వేశాడు. ఒక్కోటి 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే ఎకరంలో 41 కిలోల పైన. ఆరో రోజు కుండపోత. వారానికి తీస్తే 66. క్లోరైడ్ 51, కదల్లేదు. కోలిఫాం లేదు.

ఒక్క బాయి, ఒక్క ఏడాది. దీంతో ఊగిపోకూడదని నాకూ తెలుసు. ఇంకో ఆరు చేను బాయిల్లో కూడా తీశాను. నాలుగింట్లో ఇదే తీరు. రెండింట్లో పెద్దగా మారలేదు. ఆ రెండు చేలల్లో ఏం తేడా ఉందో నాకింకా అంతుపట్టలేదు.

పత్తిచేను_పెద్దబాపు · సెప్టెంబర్ 8, ఉదయం 5:55

ఆ రెండు చేన్ల గుంటుక ఎన్నడు తోలిండ్రో అడుగు.

రాజూరా_పోరడు · సెప్టెంబర్ 9, రాత్రి 9:30

అడిగాను పెద్దబాపూ. ఇద్దరూ యూరియాకు ముందు గుంటుక (కలుపు తీసి పైమట్టి గుల్ల చేసే పనిముట్టు) తోలారు. పై రెండంగుళాలు పొడిమట్టై నెర్రెల నోళ్లు మూసుకుపోయాయట. ఒకాయన యూరియా మూడు దఫాలుగా వేశాడు. మిగిలిన ఐదు చేలల్లో ఈసారి గడ్డిమందు కొట్టి గుంటుక మానేశారు. మాతో సహా.

రాళ్లసారు · సెప్టెంబర్ 9, రాత్రి 10:40

ఇది నీ రిపోర్టులో మ్యాపులకంటే ముందు పేజీలో రావాలి. ఏడు బాయిలే కాబట్టి "రుజువైంది" అని రాయకు, "ఇలా కనిపించింది" అని రాయి. వచ్చే ఏడు ఇరవై బాయిలు పట్టు.

సరిహద్దు_సైకిల్ · సెప్టెంబర్ 10, ఉదయం 7:20

వాడ బాయి సంగతేమైంది?

రాజూరా_పోరడు · సెప్టెంబర్ 10, ఉదయం 8:05

పెంటకుప్ప జరపడానికి రెండు నెలలు పట్టింది. జాగా ఎవరిదన్న గొడవ. ఆఖరికి మా చిన్నమ్మ తన కొట్టం వెనక ఇచ్చింది. గచ్చు కొత్తది వేశారు. తాగడానికి నల్లా నీళ్లు తెచ్చుకుంటున్నాం. బాయి నీళ్లు ఇంకా 94. కింద నానింది తేలిగ్గా పోదు.

పత్తిచేను_పెద్దబాపు · సెప్టెంబర్ 12, సాయంత్రం 4:30

బీకరమ్మ బిడ్డా, పోరని మాట చూసి నేను గూడ మా చేను బాయి నీళ్లు సీసల పట్టిన. మంచె కింద నీడకు పెట్టిన. ఆదివారం మా అల్లుడు చంద్రపూర్ పోతడు, గప్పటి దాక ఆగుతదా?

బీకరమ్మ · సెప్టెంబర్ 12, సాయంత్రం 4:50

ఆగదు పెద్దబాపూ. ఇవాళ ఏ వారమో చూసుకుని లెక్కేయండి, 48 గంటలే. అవి పారబోసి, అల్లుడు బయల్దేరే పొద్దున మళ్లీ పట్టండి. సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, నిండా పట్టి, ఐసుగడ్డల నడుమ పెట్టి పంపండి.

పత్తిచేను_పెద్దబాపు · సెప్టెంబర్ 12, సాయంత్రం 5:10

ఐసుగడ్డ ఈడ ఎక్కడ దొరుకుతది బిడ్డా. కుల్ఫీ బండోడు పొద్దుగాల ఏడుకే ఊరు దాటుతడు. ఆపి అడుగుత.